కొత్త ఆటగాడు మూడో మ్యాచ్‌కీ ఉండాలంటే: ఆన్‌లైన్ షూటర్ తీసే చిన్న టీమ్‌లకు సమగ్ర మార్గదర్శి

"ఇన్‌స్టాల్స్ బాగానే వస్తున్నాయి. రెండు మ్యాచ్‌లు ఆడి వెళ్లిపోతున్నారు. ట్యుటోరియల్ ఎలా మార్చాలి?" షూటర్ గేమ్ తయారుచేస్తున్న చిన్న టీమ్‌లు పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది.

ట్యుటోరియల్‌ని చివరికి పెట్టుకోండి. కొత్తవాడు మొదట్లో చస్తానని తెలిసే వస్తాడు, చచ్చినంత మాత్రాన గేమ్ తీసెయ్యడు. ఎలా చచ్చాడో అర్థం కాకుండా వరసగా నాలుగుసార్లు చస్తే మాత్రం తీసేస్తాడు. అందుకే ముందు చావు అర్థమయ్యేలా చేయాలి, తర్వాత ఎవరితో ఆడిస్తున్నామో సరిచూసుకోవాలి, ఆ రెండూ అయ్యాకే నేర్పించే పని పెట్టుకోవాలి. కింద ఇచ్చిన వరస కూడా అదే.

ముగ్గురి నుంచి పదిమంది దాకా ఉన్న టీమ్‌ని, మొబైల్ లేదా పీసీలో మ్యాచ్‌లుగా సాగే షూటర్‌ని మనసులో పెట్టుకుని రాశాను. ఎవరి బుల్లెట్ ఎవరికి తగిలిందో సర్వరే తేల్చే పద్ధతిలో గేమ్ ఉందనుకుంటున్నాను. అలా లేకపోతే ముందు అది మార్చండి.

## 1. కోడ్ ముట్టుకునే ముందు: ఐదుగుర్ని కూర్చోబెట్టి చూడండి

యూజర్ టెస్టింగ్‌కి ఐదుగురు చాలని యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాట వెబ్‌సైట్ల గురించే అయినా మనకూ పనికొస్తుంది. పెద్ద లోపాలు చాలావరకు మొదటి ఐదుగురిలోనే బయటపడతాయి. ఆ ఐదుగురు ఎవరన్నదే ముఖ్యం.

మీ టీమ్‌వాళ్ల తమ్ముళ్లనీ రూమ్మేట్లనీ పిలిస్తే వాళ్లంతా రోజూ బీజీఎంఐ (పబ్‌జీ భారత్ వెర్షన్) ఆడేవాళ్లే వస్తారు. వాళ్లు మీ గేమ్‌కి కొత్త గానీ షూటర్‌కి కొత్త కాదు. ఇలా కలపండి:

- షూటర్ ఎప్పుడూ ఆడనివాళ్లు ఇద్దరు
- మొబైల్‌లో మాత్రమే ఆడినవాళ్లు ఇద్దరు
- పీసీలో వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివి ఆడినవాళ్లు ఒకరు

స్క్రీన్‌తో పాటు చేతుల్ని కూడా రికార్డ్ చేయండి. మొబైల్‌లో బొటనవేలు ఎక్కడ తడబడుతోందో చేతుల వీడియోలోనే తెలుస్తుంది. వాళ్లు ఆడుతున్నంతసేపూ మీరు నోరు తెరవకూడదు. "అటు కాదు, ఎడమవైపు తిరుగు" అన్నారంటే ఆ సెషన్ పాడైనట్టే. డిజైనర్‌కి ఇంతకన్నా కష్టమైన పని లేదు. అవసరమైతే ఆయన్ని గది బయట కూర్చోబెట్టండి.

చచ్చిన ప్రతిసారీ మూడే ప్రశ్నలు అడగండి:

- నిన్ను ఎవరు కొట్టారు?
- ఎక్కడి నుంచి?
- మళ్లీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తావు?

మూడింటికీ జవాబు చెప్పగలిగితే ఆ చావుకి టిక్, లేకపోతే ఇంటూ పెట్టండి. చావుల్లో సగానికి పైగా ఇంటూలే ఉంటే మూడో భాగమే మీ అసలు పని. "నువ్వే చెప్పు, బాగుందా?" లాంటి ప్రశ్నలు వద్దు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే మనవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు.

దీనితో పాటు గేమ్‌లోంచి నమోదు కావాల్సినవి:

- మొదటిసారి తెరవడం, డౌన్‌లోడ్ పూర్తవడం, లాగిన్ అవడం
- మొదటి కదలిక, మొదటి షాట్, తగిలిన మొదటి షాట్, మొదటి కిల్, మొదటి చావు
- ప్రతి మ్యాచ్ ముగింపు, మళ్లీ ప్లే బటన్ నొక్కారా లేదా
- గేమ్ మూసేసినప్పుడు ఏ స్క్రీన్‌లో ఉన్నారు
- సగటు పింగ్ (సర్వర్‌కి సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం), ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేమ్‌లు), ఫోన్ ర్యామ్

లెక్కల్ని రోజులవారీగా చూసేకన్నా మ్యాచ్ నంబర్ వారీగా చూడండి. "మొదటి రోజు తర్వాత 30 శాతం మిగిలారు" అంటే ఏం చేయాలో తెలియదు. "రెండో మ్యాచ్‌లో, మూడో చావు తర్వాత ఎక్కువమంది వెళ్లిపోతున్నారు" అంటే ఆ మ్యాచ్ తెరిచి చూడొచ్చు.

## 2. డౌన్‌లోడ్ నుంచి మొదటి బుల్లెట్ వరకు

ఇక్కడ కొత్తగా కట్టే పని తక్కువ, తీసెయ్యాల్సినవే ఎక్కువ.

డౌన్‌లోడ్. ఒక మ్యాప్, నాలుగు గన్‌లు, ఒక క్యారెక్టర్‌తో మొదటి మ్యాచ్ మొదలైపోవాలి. మిగతాది వెనకాల, వైఫై ఉన్నప్పుడు దిగాలి. ఇన్‌స్టాల్ అయ్యాక మళ్లీ ఒకటిన్నర జీబీ అడిగితే, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద నడిచే ఫోన్ ఆ పూటకి ఆగిపోయినట్టే.

లాగిన్. గెస్ట్‌గా మొదటి మ్యాచ్ ఆడనివ్వండి. ఖాతా సంగతి ఆ తర్వాత అడగండి. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందర్నీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వాళ్ల డేటాకి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. కాబట్టి గెస్ట్ దశలో వ్యక్తిగత డేటా వీలైనంత తక్కువ తీసుకోండి. వయసు అడిగే స్క్రీన్ ఎక్కడ పెట్టాలో లాయర్‌తో మాట్లాడి తేల్చుకోండి.

గ్రాఫిక్స్. ఫోన్‌ని బట్టి మీరే ఎంచండి. కొత్తవాడు సెట్టింగ్స్‌లోకి వెళ్లడు. 60 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు, 30లో 33.3 మిల్లీసెకన్లు. ఆ రెండింటి మధ్య ఊగిసలాడటం కన్నా ఎప్పుడూ 30 దగ్గరే నిలబడటం మేలు. ఎయిమ్‌కి (గురికి) చెయ్యి అలవాటు పడాలంటే స్థిరత్వమే కావాలి.

కంట్రోల్స్. మొబైల్‌లో గైరోస్కోప్ (ఫోన్‌ని తిప్పి గురిపెట్టే సదుపాయం) మొదట ఆఫ్‌లో ఉంచండి. షూటర్‌కి కొత్తవాళ్లకి ఎయిమ్ అసిస్ట్ (గురికి గేమ్ చేసే సాయం) ఆన్‌లో ఉండాలి. పీసీలో మౌస్ యాక్సిలరేషన్ (చెయ్యి వేగాన్ని బట్టి గురి కదిలే దూరం మారడం) ఆఫ్ చేయండి. సెన్సిటివిటీని (వేలు కదిపితే గురి ఎంత కదలాలో) అంకెలుగా అడగకుండా, రెండు బొమ్మల్ని ఒకదాని తర్వాత ఒకటి గురిపెట్టమని చెప్పి, దాటి వెళ్తున్నాడో చేరలేకపోతున్నాడో చూసి మీరే సర్దండి.

రంగులు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్లు తక్కువేం కాదు. వాలరెంట్‌లో శత్రువు అంచు మామూలుగా ఎరుపు. కావాలంటే ఊదా, పసుపు రంగులకి మార్చుకోవచ్చు. ఇది ఒక రోజు పని, వాయిదా వేయకండి.

సర్వర్. కాంతి ఆప్టికల్ ఫైబర్‌లో సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే సర్వర్ వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంటే రానుపోను కనీసం 10 మిల్లీసెకన్లు. హైదరాబాద్ నుంచి ముంబై సుమారు 620 కిలోమీటర్లు కాబట్టి కనీసం 6, సింగపూర్ సుమారు 3,300 కాబట్టి కనీసం 33. నిజంగా వచ్చే పింగ్ దీనికన్నా ఎక్కువే ఉంటుంది, తక్కువ మాత్రం ఉండదు. వాలరెంట్‌కి ముంబైలో సర్వర్ ఉన్నది ఊరికే కాదు. సర్వర్ ఖర్చు మిగుల్చుకోవాలని భారత్ ఆటగాళ్లని దూరం పంపితే కింద చెప్పే మార్పులన్నీ సగమే పనిచేస్తాయి.

ఇంకో సంగతి. డాలస్‌లో ఉన్న అన్న, గుంటూరులో ఉన్న తమ్ముడు ఒకే స్క్వాడ్‌లో ఆడాలనుకుంటారు. మన ఇళ్లలో ఇది మామూలే. మధ్య దూరం దాదాపు 14 వేల కిలోమీటర్లు, అంటే ఒకరికి దగ్గర్లో సర్వర్ ఇస్తే రెండోవాడికి కనీసం 140 మిల్లీసెకన్లు తప్పవు. ఇద్దరిలో కొత్తవాడెవరో చూసి వాడికి దగ్గరి సర్వర్ ఇవ్వండి.

చెక్‌లిస్ట్:

- ప్లే నొక్కాక రెండు నిమిషాల్లోపు మొదటి షాట్ పేలుతోందా?
- ఆ లోపు ఎన్ని పాప్‌అప్‌లు వచ్చాయి? ఒకటి దాటితే తీసెయ్యండి.
- షాప్, బ్యాటిల్ పాస్, లక్కీ స్పిన్ మొదటి మూడు మ్యాచ్‌ల దాకా కనిపించకుండా ఉన్నాయా?

## 3. చావు అర్థమయ్యేలా చేయడం

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

### 3.1 ముందు ఒక లెక్క

మీ గేమ్‌లో మనిషికి 100 హెల్త్, మామూలు రైఫిల్ నిమిషానికి 600 బుల్లెట్లు, ఒక్కో బుల్లెట్‌కి 25 డ్యామేజ్ అనుకుందాం. బుల్లెట్‌కీ బుల్లెట్‌కీ మధ్య 100 మిల్లీసెకన్లు. చంపడానికి నాలుగు బుల్లెట్లు. మొదటిది తగిలాక మిగిలిన మూడింటికి 300 మిల్లీసెకన్లు పడుతుంది.

కంటికి కనిపించినదానికి మనిషి స్పందించడానికే 200 నుంచి 250 మిల్లీసెకన్లు కావాలి. దానికి పింగ్ కలపండి. దెబ్బ తగిలిందని తెలిసి వేలు కదిపేలోపే చచ్చిపోయాడు. అలవాటైనవాడు ముందే చోటు చూసుకుని నిలబడతాడు కాబట్టి ఈ లెక్క అతనికి పెద్దగా తగలదు.

అదే హెల్త్ 150 ఉంటే ఆరు బుల్లెట్లు, 500 మిల్లీసెకన్లు. పక్కకి దూకడానికి సమయం దొరుకుతుంది. అలాగని గేమ్ అంతటా హెల్త్ పెంచేయమని కాదు. వేగంగా చచ్చే ఆటే కావాలనుకుంటే మొదటి బుల్లెట్‌కి ముందే హెచ్చరిక రావాలి: అడుగుల చప్పుడు, స్నైపర్ స్కోప్ మెరుపు, పక్కనుంచి దూసుకెళ్లిన బుల్లెట్ శబ్దం. ఏ దారి ఎంచుకున్నా మీ ప్రతి గన్‌కీ ఈ లెక్క ఒక షీట్‌లో రాసి పెట్టుకోండి.

### 3.2 చచ్చాక చూపించాల్సింది

గేమ్ కంపెనీ వాల్వ్ 2007లో తెచ్చిన టీమ్ ఫోర్ట్రెస్ 2 ఇప్పటికీ దీనికి మంచి పాఠం. చచ్చిన వెంటనే కెమెరా చంపినవాడి మీదకి వెళ్లి ఆగుతుంది, వాడికి ఎంత హెల్త్ మిగిలిందో కూడా చూపిస్తుంది. ఎవరు, ఎక్కడి నుంచి అనే రెండు ప్రశ్నలకీ అక్కడే జవాబు దొరికింది.

ఆ మిగిలిన హెల్త్ అంకెని తక్కువగా చూడకండి. "మీరు 84 డ్యామేజ్ చేశారు, అతనికి ఇంకా 16 మిగిలింది" అని కనబడితే ఇంకొక్క బుల్లెట్ దూరంలో ఆగిపోయానని ఆటగాడికి తెలుస్తుంది. అది కనబడకపోతే గోడకి తల కొట్టుకున్నట్టే ఉంటుంది. కొత్తవాడి చేత మళ్లీ ప్లే నొక్కించడానికి ఇంత చవకైన మార్పు ఇంకోటి నాకు తెలియదు.

రీక్యాప్‌లో (చచ్చాక చూపించే సారాంశంలో) ఉండాల్సినవి, ఈ వరసలోనే:

- చంపినవాడి పేరు, గన్, దూరం
- ఏ దిక్కు నుంచి. మినీ మ్యాప్ మీద గీతగా
- మీకు ఎన్ని తగిలాయి, అందులో తలకి ఎన్ని
- మీరు అతనికి ఎంత కొట్టారు, ఎంత మిగిలింది

మూడు సెకన్లలో చదవగలిగేలా ఉండాలి. ఒక రౌండ్‌లో ఒకే ప్రాణం ఉండే ఆటల్లో కిల్‌క్యామ్ (చంపినవాడి వైపు నుంచి ఆ చావు వీడియో) చూపిస్తే చచ్చినవాడు టీమ్‌కి శత్రువు చోటు చెప్పేస్తాడు. అలాంటివాటిలో చచ్చినప్పుడు అంకెల రీక్యాప్, రౌండ్ అయ్యాక రీప్లే ఇవ్వండి.

### 3.3 "గోడ వెనక్కి వెళ్లాక చచ్చాను"

కొత్తవాళ్లు చీటింగ్ అని రిపోర్ట్ కొట్టేది ఎక్కువగా దీన్నే. కారణం ల్యాగ్ కాంపెన్సేషన్. కాల్చినవాడి స్క్రీన్‌లో ఆ క్షణం ఏం కనిపించిందో సర్వర్ వెనక్కి వెళ్లి చూసి, తగిలిందో లేదో తేలుస్తుంది. వాల్వ్‌కి చెందిన యాన్ బెర్నియర్ 2001లో ఈ పద్ధతిని వివరంగా రాశారు. వాల్వ్ గేమ్‌లు నడిచే సోర్స్ ఇంజన్‌లో మిగతా ఆటగాళ్లని మామూలుగానే 100 మిల్లీసెకన్ల వెనకటి స్థితిలో చూపిస్తారు. దానికి కాల్చినవాడి పింగ్ కలిస్తే, మీరు గోడ దాటేసిన సంగతి అతనికి ఇంకా తెలియదు.

దీన్ని పూర్తిగా పోగొట్టలేం, తగ్గించగలం:

- సర్వర్ ఎంత వెనక్కి చూడొచ్చో హద్దు పెట్టండి. 200 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి పరీక్షించండి. అంతకన్నా పింగ్ ఉన్నవాడు ఆ నష్టం తనే భరించాలి.
- కిల్‌క్యామ్ చంపినవాడి కళ్లతోనే చూపించండి. అతని స్క్రీన్‌లో మీరింకా బయటే ఉన్నారని కనబడితే కోపం సగం తగ్గుతుంది.
- రీక్యాప్‌లో ఇద్దరి పింగ్ వేయండి.
- టిక్ రేట్‌ని జేబుని బట్టి పెంచండి. వాలరెంట్ సెకనుకి 128 టిక్‌లతో నడుస్తుంది, అంటే 7.8 మిల్లీసెకన్లకి ఒకసారి సర్వర్ లెక్క చూసుకుంటుంది. మొబైల్ గేమ్‌కి 30తో మొదలుపెట్టినా నడుస్తుంది, అయితే పీసీలో అది సరిపోదు.

### 3.4 పుట్టిన చోటే చావడం

స్పాన్ అయిన (మ్యాప్‌లో పుట్టిన) రెండు సెకన్లలోపు చస్తే ఆ చావుని వేరే ఖాతాలో రాయండి. అది మ్యాప్ తప్పు. స్పాన్ పాయింట్‌కి మార్కులు వేసే పద్ధతి పెట్టుకోండి: శత్రువుకి నేరుగా కనబడితే మార్కులు తగ్గించు, ఈమధ్యే అక్కడ ఎవరైనా చచ్చి ఉంటే తగ్గించు, తోటివాళ్లు దగ్గర్లో ఉంటే పెంచు. దానిపైన రెండు మూడు సెకన్ల రక్షణ ఇవ్వండి. ఆటగాడు కాల్చగానే అది పోవాలి.

### 3.5 కనబడటం, వినబడటం

టీమ్ ఫోర్ట్రెస్ 2లో తొమ్మిది క్లాసుల్నీ నీడ ఆకారం చూసే పోల్చుకోవచ్చు. తర్వాత వచ్చిన చాలా గేమ్‌లలో స్కిన్‌లు (వేషాలు) అమ్మే తొందరలో ఆ గుణం పోయింది. మీ స్కిన్‌లు అమ్ముకోండి, కాకపోతే కొత్తవాడి స్క్రీన్‌లో మొదటి పది మ్యాచ్‌లూ శత్రువులంతా మామూలు దుస్తుల్లోనే కనబడేలా చేయండి.

హెడ్‌ఫోన్స్ లేకుండా, ఫోన్ స్పీకర్ మీద, పక్కన టీవీ మోగుతుండగా ఆడేవాళ్లు మన దగ్గర ఎంతోమంది. వాళ్లకి అడుగుల చప్పుడు స్క్రీన్ మీద గుర్తుగా చూపించండి. ఫోర్ట్‌నైట్‌లో శబ్దాల్ని గుర్తులుగా చూపించే సెట్టింగ్ ఉంది. కొత్తవాళ్లకి అలాంటిది ఆన్‌లో పెట్టే ఇవ్వాలి.

## 4. ఎవరితో ఆడిస్తున్నారు?

### 4.1 రేటింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి

ఆటగాడి స్థాయిని అంకెగా కొలిచే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఈలో అనేదాంట్లో మనిషికి ఒకే అంకె. గ్లికోలో ఆ అంకె ఎంత నమ్మదగినదో చెప్పే ఇంకో అంకె కూడా ఉంటుంది. కొత్తవాళ్ల విషయంలో ఆ రెండోదే ముఖ్యం: సందేహం ఎక్కువ ఉన్నంతకాలం రేటింగ్ వేగంగా కదులుతుంది. మైక్రోసాఫ్ట్ తెచ్చిన ట్రూస్కిల్ కూడా ఇదే దారి. అందులో కొత్తవాడు 25 దగ్గర, 8.33 సందేహంతో మొదలవుతాడు. సందేహానికి మూడు రెట్లు తీసేస్తే సున్నా, ర్యాంక్‌గా చూపించేది అదే. మైక్రోసాఫ్ట్ దాని మీద పేటెంట్లు తీసుకుంది కాబట్టి అమ్మే గేమ్‌లో వాడే ముందు లైసెన్స్ చూసుకోండి. గ్లికో 2తో చిన్న టీమ్‌కి పని జరిగిపోతుంది.

చాలా టీమ్‌లు చేసే పొరపాటు కొత్తవాణ్ని సగటు దగ్గర నిలబెట్టడం. మీ సగటు అంటే వెళ్లిపోకుండా మిగిలినవాళ్ల సగటు. కొత్తవాడు అంతకన్నా కిందే ఉంటాడు. పదో మ్యాచ్ పూర్తిచేసినవాళ్లకి మొదటి మ్యాచ్‌లో నిజంగా ఏ స్థాయి ఉండిందో పాత డేటాలో చూసి, అక్కడ మొదలుపెట్టండి.

### 4.2 క్యూలు (మ్యాచ్ కోసం ఎదురుచూసే వరసలు) విడగొట్టకండి

ఒకేసారి 120 మంది ఆడుతున్నారనుకోండి. రెండు మోడ్‌లు, మూడు రీజియన్‌లు, మూడు స్థాయిలు పెడితే 18 ముక్కలవుతాయి. ఒక్కో ముక్కకి ఏడుగురు కూడా రారు. మీది ఐదుగురికి ఐదుగురు ఆడే మ్యాచ్ అయితే ఒక్కటీ నిండదు. ఆటగాళ్లు పెరిగేదాకా ఒకే మోడ్, ఒకే క్యూ ఉంచండి. ఖాళీల్ని బాట్‌లతో (కంప్యూటరే నడిపే ఆటగాళ్లతో) నింపండి.

### 4.3 బాట్‌లు

బాట్‌లు పెట్టడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఫోర్ట్‌నైట్ 2019లో నైపుణ్యాన్ని బట్టి జతకలపడంతో పాటు బాట్‌లని కూడా తెచ్చింది. బాట్‌లకి మనుషుల పేర్లు తగిలించి మోసం చేయడం మాత్రం నాకు నచ్చదు. నాలుగో రోజు ఎలాగూ తెలుస్తుంది, అప్పుడు ముందటి గెలుపులన్నీ ఆటగాడి మనసులో చిల్లిగవ్వ చేయవు. "ట్రైనింగ్ మ్యాచ్: ఆరుగురు బాట్‌లు" అని రాసేయండి.

మంచి బాట్ గుణాలు:

- కనబడ్డాక అర సెకను ఆగి కాలుస్తుంది
- మొదటి రెండు బుల్లెట్లు పక్కకి పోతాయి, ఆ శబ్దం వినబడుతుంది
- పొగలోంచి, గోడలోంచి చూడదు
- వెనక నుంచి రాదు
- అప్పుడప్పుడూ గెలుస్తుంది

చివరిది చాలామంది మర్చిపోతారు. ఎప్పుడూ ఓడిపోయే బాట్‌లతో ఐదు మ్యాచ్‌లు ఆడించి ఆరో మ్యాచ్‌లో మనుషుల మధ్య వదిలితే, నడుములోతు నీళ్లలో ఈత నేర్పి నడిబావిలోకి తోసినట్టు ఉంటుంది. మెల్లగా మార్చండి. ఐదుగురికి ఐదుగురు ఆడే మ్యాచ్‌కి ఇలా మొదలుపెట్టొచ్చు:

- 1వ మ్యాచ్: అటు ఐదుగురూ బాట్‌లే
- 2, 3: ఇద్దరు కొత్త మనుషులు, ముగ్గురు బాట్‌లు
- 4, 5, 6: నలుగురు మనుషులు, ఒక బాట్
- 7 నుంచి: అందరూ మనుషులే, కాకపోతే కొత్తవాళ్లే

ఎవరైనా రెండు మ్యాచ్‌ల్లోనే చెలరేగిపోతే మిగతా మెట్లు ఎక్కించకుండా నేరుగా పైకి పంపండి. పాతవాళ్లు కొత్త ఖాతాలతో వచ్చే స్మర్ఫింగ్‌కి కూడా మొదటి అడ్డు ఇదే. రెండో అడ్డు ర్యాంక్డ్ (ర్యాంకు కోసం ఆడే మ్యాచ్‌లు) ముందు కొంత ఆట తప్పనిసరి చేయడం. వాలరెంట్‌లో 20వ లెవల్ దాకా ర్యాంక్డ్ తెరుచుకోనిది అందుకే.

### 4.4 ఫ్రెండ్ పిలిస్తే వచ్చినవాడు

మన దగ్గర కొత్తవాడు యాడ్ చూసి వచ్చే సందర్భాలకన్నా "మామా, స్క్వాడ్‌లో ఒకడు తక్కువ, రా" అంటే వచ్చేవే ఎక్కువ. పిలిచినవాడికి రెండేళ్ల అనుభవం. ఇద్దరి రేటింగ్ సగటు వేస్తే కొత్తవాడు నలిగిపోతాడు, అవతలి కొత్తవాళ్లని పాతవాడు నలిపేస్తాడు.

పార్టీ రేటింగ్‌ని పాతవాడి వైపు మొగ్గేలా లెక్కించండి. కొత్తవాడి మొదటి మూడు మ్యాచ్‌లకి మాత్రం స్క్వాడ్ మొత్తాన్నీ బాట్‌ల మ్యాచ్‌కి పంపే బటన్ పెట్టండి, ఆ మ్యాచ్‌లు ఆడినందుకు పాతవాడికి ఏదో ఒక స్కిన్ ఇవ్వండి. నేర్పించే పని వాడే చేస్తాడు, మీ ట్యుటోరియల్‌కన్నా బాగానే.

## 5. ఇప్పుడు ట్యుటోరియల్

మూడే నేర్పండి: కదలడం, కాల్చి రీలోడ్ చేయడం, ఈ ఆటలో గెలుపంటే ఏమిటి. రెండు నిమిషాలు దాటకూడదు. స్కిప్ బటన్ మొదటి సెకను నుంచే కనబడాలి.

మిగతాదంతా అవసరం పడినప్పుడు చెప్పండి, అదీ ఆట ఆపకుండా:

- మ్యాగజైన్ రెండుసార్లు పూర్తిగా ఖాళీ అయ్యాకే రీలోడ్ చేశాడు: రీలోడ్ బటన్ మెరిపించండి
- వరసగా మూడుసార్లు పరుగెడుతూ కాల్చి మిస్ చేశాడు: "ఆగి కాల్చండి, గురి కుదురుతుంది"
- హీలింగ్ కిట్ ఉండగానే చచ్చాడు: తర్వాతిసారి హెల్త్ సగానికి పడగానే కిట్ చూపించండి
- రెండుసార్లు ఒకే కిటికీ నుంచి దెబ్బ తిన్నాడు: మినీ మ్యాప్‌లో ఆ చోటు గుర్తు పెట్టండి

ఒక్కో సూచన మూడుసార్లకి మించి రాకూడదు. ఒకసారి సరిగ్గా చేశాక ఇక ఎప్పుడూ రాకూడదు.

తెలుగులో సూచనలు ఇవ్వాలనుకుంటే ముందు ఫాంట్ సంగతి చూడండి. గేమ్ ఇంజన్ యూనిటీలో అందరూ వాడే టెక్స్ట్‌మెష్ ప్రో తనంతట తాను తెలుగు ఒత్తుల్ని, గుణింతాల్ని సరిగ్గా కలపదు. అదనపు ప్లగిన్ కావాలి. గోడో 4 ఇంజన్‌లో హార్ఫ్‌బజ్ (అక్షరాల్ని సరిగ్గా కలిపే సాఫ్ట్‌వేర్) లోపలే ఉంది కాబట్టి చిక్కు తక్కువ. "స్త్రీ", "శత్రువు", "క్షణం" మూడూ టైప్ చేసి పరీక్షించండి. లైన్ ఎత్తు కూడా పెంచాలి, లేకపోతే ఒత్తు కింది బటన్‌లో ఇరుక్కుంటుంది. మాటల విషయంలో రీలోడ్‌ని రీలోడ్ అనే రాయండి. గుళికలు పునఃపూరణ చేయమంటే ఎవరికీ అర్థం కాదు.

## 6. అన్‌లాక్‌లు

మొదటి మ్యాచ్‌లో 30 గన్‌లు చూపించకండి, నాలుగు చాలు. ఆ నాలుగూ తర్వాత వచ్చేవాటికన్నా బలహీనంగా మాత్రం ఉండకూడదు.

మితిమీరినా తంటానే. ఓవర్‌వాచ్ 2 2022లో వచ్చినప్పుడు కొత్త ఖాతాకి పాత హీరోలందరూ తెరుచుకోవడానికి దాదాపు 100 మ్యాచ్‌లు పట్టేది. తర్వాత ఆ కంపెనీయే సడలించుకుంటూ వచ్చింది. పదో మ్యాచ్‌కల్లా గెలుపోటముల్ని మార్చేవన్నీ చేతికి ఇచ్చేయండి. స్కిన్‌లు ఎన్ని నెలలు దాచుకున్నా మీ ఇష్టం.

## 7. చాట్

2019లో వచ్చిన ఏపెక్స్ లెజెండ్స్ పింగ్ పద్ధతి (తోటివాళ్లకి గుర్తు చూపించడం, పైన చెప్పిన పింగ్ వేరు) చూసి నేర్చుకోండి. ఒక్క బటన్‌తో "ఇక్కడ శత్రువు", "ఇటు వెళ్దాం", "ఈ గన్ ఇక్కడుంది" చెప్పేయొచ్చు, మైక్ అక్కర్లేదు.

మొదటి ఐదు మ్యాచ్‌లకి తెలియనివాళ్ల వాయిస్ ఆఫ్‌లో ఉంచండి. ఫ్రెండ్స్‌ది ఆన్‌లో. అమ్మాయి గొంతు వినబడగానే మొదలయ్యే వాగుడు మీకు తెలియనిది కాదు. అమ్మాయిల్లో ఎంతమందికి ఆ వాగుడు వల్లే మైక్ ఆపెయ్యాల్సి వస్తోందో మీ టెస్ట్‌లో అడిగి చూడండి. టెక్స్ట్ ఫిల్టర్‌లో తెలుగు లిపి బూతులు మాత్రమే పెడితే లాభం లేదు. అందరూ తిట్టేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే, స్పెల్లింగ్ మార్చి మార్చి. ఆ జాబితా మీ టీమ్‌వాళ్లే కూర్చుని రాయాలి.

## 8. మామూలుగా జరిగే పొరపాట్లు, సవరణలు

మొదటి మ్యాచ్ గెలిచారు, అయినా రెండోది ఆడలేదు. మ్యాచ్ అయ్యాక ఎన్ని స్క్రీన్‌లు వస్తున్నాయో లెక్కపెట్టండి. రివార్డ్, లెవల్ అప్, డైలీ బోనస్, ఆఫర్... మళ్లీ ప్లే బటన్ మొదటి స్క్రీన్‌లోనే ఉండాలి.

మూడో మ్యాచ్‌లో అందరూ పోతున్నారు. బాట్‌ల నుంచి మనుషులకి మారే చోటు అదే అయి ఉంటుంది. మధ్యలో ఇంకో మెట్టు వేయండి.

చీటర్ రిపోర్ట్‌లు ఎక్కువ, తనిఖీలో ఎవరూ దొరకట్లేదు. 3.3 మళ్లీ చూడండి. రిపోర్ట్ కొట్టినవాళ్ల పింగ్ తీయండి.

పాతవాళ్లు "గేమ్‌ని నూబ్‌ల కోసం పాడుచేశారు" అంటున్నారు. ఏ మార్పు గురించో అడగండి. రీక్యాప్, స్పాన్, సూచనలు వాళ్ల ఆటని ముట్టుకోవు. గన్ డ్యామేజ్, హెల్త్ మార్చి ఉంటే మాత్రం వాళ్ల మాటలో నిజం ఉండొచ్చు.

కొత్తవాళ్లు గెలుస్తున్నారు గానీ ఎవర్నీ చంపట్లేదు. స్కోర్‌బోర్డ్‌లో కిల్స్ ఒక్కటే చూపిస్తున్నారేమో చూడండి. అసిస్ట్, రివైవ్, పాయింట్ పట్టుకోవడం కూడా పైన కనబడాలి.

## 9. విడుదల, కొలత

అన్నీ ఒకేసారి వదలకండి. మొదట రీక్యాప్, స్పాన్. రెండు వారాల తర్వాత మ్యాచ్‌మేకింగ్, బాట్‌లు. ఆ తర్వాత సూచనలు. లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

కొత్తగా వచ్చేవాళ్లని రెండు గుంపులు చేసి పోలుస్తారు కదా, చిన్న అంకెల్ని నమ్మకండి. ఒక్కో గుంపులో 50 మంది, ఒకదాంట్లో 15 మంది, ఇంకోదాంట్లో 20 మంది మిగిలారంటే 30 శాతం, 40 శాతం అని స్లైడ్ మీద గొప్పగా కనబడుతుంది. తేడా ఐదుగురు మనుషులే, అది అదృష్టం కూడా కావచ్చు. ఒక్కో గుంపులో కొన్ని వందల మంది చేరేదాకా ఆగండి. అంతమంది రాకపోతే మొదటి భాగంలోని ఐదుగురి పరీక్షే మళ్లీ చేయండి, ఈసారి కొత్త ఐదుగురితో. పాతవాళ్లు ఇక కొత్తవాళ్లు కారు.

ప్రతి ప్యాచ్‌కి ముందు టీమ్‌లో ఒకరు, వారానికొకరు చొప్పున, చేయాల్సింది:

- 4 జీబీ ర్యామ్ ఫోన్, మొబైల్ డేటా, స్పీకర్
- కొత్త ఖాతా, సెట్టింగ్స్ ముట్టుకోకూడదు
- వరసగా మూడు మ్యాచ్‌లు, ప్రతి చావు తర్వాత ఆ మూడు ప్రశ్నలకి రాతపూర్వకంగా జవాబు
- ఒక్క చావుకైనా జవాబు రాయలేకపోతే ఆ క్లిప్ అందరికీ పంపాలి, కారణం తేలేదాకా ప్యాచ్ ఆపాలి